మానస సరోవర యాత్ర – నేను చెప్పకుండా దాచిన సగం

(కోరుట్లలో పెన్షనర్ల దినోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ పెన్షన్ అనేది ఎవరో దయతలచి ఇచ్చే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ రోజు జ్ఞాపకంగానే ఏటా మనం ఇలా కలుసుకుంటున్నాం. ఈ సందర్భంగా మానస సరోవర యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. కరోనా మూలంగా 2020 నుంచి ఆగిపోయిన ఆ యాత్ర 2025లో మళ్లీ మొదలైంది. మనలో చాలామందికి ఆశ కలిగింది. "మీరు పోయి వచ్చిన్రు గదా, దారి ఎట్లుంటది, ఖర్చెంతయితది" అని బజారులో, బ్యాంకులో నన్ను ఆపి అడుగుతున్నారు.

అడిగినవారిలో మన సభ్యులే ఒకరున్నారు. గుండెకు స్టెంటు వేయించుకుని రెండేళ్లయింది. డాక్టరుకు చెప్పకుండానే పోదామనుకుంటున్నానన్నారు. నేను వద్దంటే, "మీ బావ ఉబ్బసంతోని పోయి పరిక్రమ చేసి రాలేదా?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా బావ పరిక్రమ చేయలేదు. నేనూ చేయలేదు. చేశామని మేము నోటితో చెప్పలేదు గాని, చేశారనుకున్నవారిని కాదనలేదు. 2019లో కప్పిన శాలువాలు కప్పించుకున్నాం. ఈ రోజు ఆ లెక్క సరిచేయాలని వచ్చాను. మా బావ అనుమతి తీసుకున్నాను. ఆయన మూడో వరుసలో కూర్చునే ఉన్నారు.

నా సంగతి మీకు తెలుసు. నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. నా సర్వీసంతా కాకతీయ కాలువ కట్టల మీద, చెరువు తూముల దగ్గర గడిచింది. మా బావ బడి పంతులు. మా అక్క భర్త. ఇద్దరం రిటైరయ్యాక ఎక్కడికైనా పోదామని అనుకుంటూ, ధర్మపురి, కొండగట్టు, వేములవాడలు దాటి ఒకసారి పెద్ద యాత్రే చేద్దామని నిశ్చయించుకున్నాం. నేపాల్ మీదుగా తీసుకుపోయే ప్రైవేటు బృందంలో డబ్బు కట్టాం.

వారిచ్చిన ఫారంలో ఆరోగ్యానికి సంబంధించిన గడులున్నాయి. బీపీ, షుగరు, గుండె జబ్బు, ఉబ్బసం. మా బావకు ఉబ్బసం ఉన్నది. చలికాలంలో జేబులో మందు పీల్చే గొట్టం లేనిదే గడప దాటరు. "ఉన్నదని రాస్తే తీసుకపోరు, లేదని రాయి" అన్నారు. ఫారం నింపింది నేను. "లేదు" అని రాసింది ఈ చెయ్యి. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరుగారికి కూడా మేము చెప్పలేదు. కాబట్టి ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు. బస్సెక్కేటప్పుడు మా అక్క ఒకే మాట అన్నది. "తమ్మీ, నువ్వే తోలుకపోతున్నవ్. నువ్వే తోలుకరావాలె."

2019 జూన్ మొదటి వారం. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. హైదరాబాదు నుంచి విమానంలో ఢిల్లీ, అక్కడి నుంచి కాఠ్మాండు, అక్కడి నుంచి బస్సులో రసువాగఢీ సరిహద్దు దాటి టిబెట్‌లోని కేరుంగ్ చేరుకున్నాం. ఆ సరిహద్దు వంతెన 2025 జూలైలో వరదకు కొట్టుకుపోయింది. కాబట్టి పాత యాత్రికులు చెప్పిన దారులను నమ్మి ఎవరూ బయలుదేరవద్దు. ఏ దారి తెరిచి ఉందో ఆ ఏటికాయేడు కనుక్కోవాలి.

ఇక్కడ ఎత్తుల లెక్క ఒకటి చెప్పాలి. మన కోరుట్ల సముద్ర మట్టానికి మూడు వందల మీటర్ల లోపే ఉంటుంది. కేరుంగ్ సుమారు 2,700 మీటర్లు. అక్కడ రెండు రాత్రులు ఉంచారు. మరుసటి రాత్రి పడకకు సాగా అనే ఊరు. అది సుమారు 4,500 మీటర్లు. పర్వత వైద్యం తెలిసినవారు చెప్పేదేమంటే, 3,000 మీటర్లు దాటిన తర్వాత ఈ రాత్రి పడుకునే చోటుకు, రేపు రాత్రి పడుకునే చోటుకు మధ్య 500 మీటర్ల కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. మేము ఒక్క పగటిలో సుమారు 1,800 మీటర్లు ఎక్కాం. తల దిమ్ము, వాంతులు, ఆకలి లేకపోవడం బస్సులో సగం మందికి కనిపించాయి. మా బావకు దగ్గు మొదలైంది. దుమ్ముకు వచ్చిందిలే అనుకున్నాం.

ఆ మరునాడు మధ్యాహ్నం బస్సు ఒక మలుపు తిరిగేసరికి అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. చెట్టు లేదు, చేమ లేదు. గోధుమ రంగు కొండలు. వాటి నడుమ ఆకాశం కన్నా నీలంగా నీళ్లు. బస్సులో ఉన్న ఆడవాళ్లు ఏడ్చారు. నాకూ కళ్లు చెమర్చాయి. కాని నిజం చెప్పాలంటే, నా కళ్లు మొదట వెతికింది కట్ట ఎక్కడుంది, మత్తడి ఎక్కడుంది అని. అలవాటు పడ్డ ప్రాణం!

కట్ట లేదు. మనిషి కట్టిన రాయి ఒక్కటి లేదు. మానస సరోవరం విస్తీర్ణం సుమారు 412 చదరపు కిలోమీటర్లు. మన శ్రీరాంసాగర్ నిండుగా 1,091 అడుగులకు వచ్చినప్పుడు ఎంత మేర పరుచుకుంటుందో, ఇంచుమించు అంతే. కాని ఇది 4,590 మీటర్ల ఎత్తున ఉంది. నడిమధ్యన లోతు 80 మీటర్ల పైమాటే. చుట్టుకొలత సుమారు 88 కిలోమీటర్లు. ఉత్తరాన కైలాసం, దక్షిణాన 7,694 మీటర్ల గుర్లా మాంధాత. ఆ కొండల మంచు కరిగి వచ్చే వాగులే దీనికి ఆధారం.

మత్తడి మాత్రం ఉన్నది. మమ్మల్ని దించిన చోటు వాయవ్య మూలన, చియు గోంపా అనే చిన్న బౌద్ధ మఠం కింద. ఆ మఠం పక్కనుంచి ఒక కాలువ పడమటికి పోతుంది. దాని పేరు గంగా ఛూ. మానస సరోవరం నిండి పొర్లితే ఆ కాలువ గుండా నీరు పక్కనున్న రాక్షసతాల్‌లోకి పోతుంది. సరస్సులో మట్టం తగ్గితే కాలువ ఎండుతుంది. నేను చూసిన రోజు అందులో నీరు పెద్దగా లేదు. అయినా నేను ఆ కాలువ ఒడ్డున చాలాసేపు నిలబడ్డాను. మన ఊరి చెరువు మత్తడి దగ్గర నిలబడ్డట్టే అనిపించింది.

సరస్సులో మునగనివ్వలేదు. బకెట్లలో నీళ్లు తెచ్చుకుని గుడారం చాటున పోసుకోవాలి. మొదటి చెంబు పడగానే ఊపిరి ఆగినంత పనయింది. నీళ్లు మాత్రం ఎంత తియ్యన! దోసిట్లో పట్టి తాగాం. హంసలున్నాయా అని నన్ను అందరూ అడుగుతారు. ఉన్నవి తల మీద నల్లని చారలున్న బాతులు. చలికాలంలో అవి హిమాలయాల మీదుగా ఎగిరి మన దేశపు చెరువులకు వస్తాయి. ఏ పాస్‌పోర్టూ లేకుండా పోయి వచ్చేది అవే.

అక్కడ గడియారాలన్నీ బీజింగ్ టైము. మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి తొమ్మిదయినా వెలుతురు పోదు. మా బావ, నేను ఒడ్డున కూర్చుని, ఆయన చెబుతుంటే ఒక తెలుగువాడి సంగతి విన్నాను. స్వామి ప్రణవానంద. 1896లో తూర్పుగోదావరి జిల్లాలో పుట్టారు. అసలు పేరు కనకదండి వెంకట సోమయాజులు. లాహోరులో చదివి, అక్కడి రైల్వే అకౌంట్స్ ఆఫీసులో ఉద్యోగం చేశారు. అంటే మనవంటి ఉద్యోగే. సహాయ నిరాకరణోద్యమం రాగానే ఉద్యోగం వదిలేశారు. పెన్షను మాట తలచలేదు. పశ్చిమ గోదావరిలో కాంగ్రెసు పని చేసి, సన్యసించి, 1928లో మొదటిసారి కైలాసం వచ్చారు. 1936–37లో ఏడాది పొడుగునా ఈ సరస్సు ఒడ్డునే ఉన్నారు. చలికాలంలో నీరంతా గడ్డకట్టడం, ఆ గడ్డ పగిలినప్పుడు వచ్చే చప్పుళ్లు, వసంతంలో కరగడం, అన్నీ రాసిపెట్టారు. 1949లో వచ్చిన ఆయన పుస్తకానికి నెహ్రూగారు ముందుమాట రాశారు. 1976లో పద్మశ్రీ ఇచ్చారు. 1989లో పోయారు. "భక్తుడే గాని, చూడంది చూసినట్టు రాయలేదు" అని మా బావ అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

రెండో రాత్రి. తెల్లవారితే దర్చెన్‌కు పోవాలి. ఆ మరునాడు పరిక్రమ మొదలు. సుమారు 52 కిలోమీటర్ల నడక, మూడు రోజులు. మధ్యలో 5,600 మీటర్లు దాటిన డోల్మా కనుమ. అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది. పక్క మంచం మీద బావ లేచి కూర్చుని ఉన్నారు. మందు గొట్టం నోట్లో పెట్టుకుని పీలుస్తున్నారు. అప్పటికి ఎన్నోసారో.

"ఏమైంది బావా?"

"ఏం లేదు. ఉబ్బసమే. తగ్గుతది. నువ్వు పండుకో."

పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. మాట్లాడితే మాట పూర్తి కావడం లేదు. గైడును లేపుతానంటే నా చెయ్యి పట్టుకున్నారు. "లేపకు. లేపితె రేపు నన్ను పోనియ్యరు. ఇంత దూరమొచ్చి పరిక్రమ చెయ్యకుంట మర్రిపోతె కోరుట్లల మొకమెట్ల సూపియ్యాలె?"

నేను లేపలేదు. ఈ మాట మీ అందరి ముందు చెబుతున్నాను. గంటసేపు నేను గైడును లేపలేదు. ఆయన పరువు గురించి అని అప్పుడనుకున్నాను. కాదు. నాకూ పరిక్రమ చేయాలని ఉంది. ఫారంలో నేను రాసిన అబద్ధం బయటపడుతుందని కూడా ఉంది.

తర్వాత ఏం తోచక, చేతి గడియారం చూస్తూ ఆయన ఊపిరి లెక్కపెట్టాను. సర్వీసంతా గేజీ చదివినవాణ్ణి గదా. నిమిషానికి 36. నా ఊపిరి 20 ఉంది. పది నిమిషాల తర్వాత మళ్లీ లెక్కపెడితే 40. వీపు మీద చెవి పెడితే లోపల గురగుర నీళ్లు మరిగినట్టు చప్పుడు. గేజీ పెరుగుతుంటే తలుపు ఎత్తకుండా కూర్చునే వర్క్ ఇన్‌స్పెక్టరును ఏమంటారు? లేచి గైడు గుడారానికి పరుగెత్తబోయాను. పది అడుగులకే గుండె దడ పుట్టి, తక్కినది నడిచే పోయాను.

గైడు నేపాలీ పిల్లవాడు. పాతికేళ్లు ఉండవేమో. వచ్చి బావ వేలికి చిన్న యంత్రం తగిలించాడు. అప్పటికి మాకు అదేమిటో తెలియదు. మరుసటి ఏడు కరోనా వచ్చాక మన ఇళ్లన్నింటికీ వచ్చింది. మాలో బాగున్నవారికి 80, 85 చూపుతోంది. బావకు 59. ఆక్సిజన్ పెట్టి, నన్ను పక్కకు పిలిచి హిందీలో అడిగాడు. "నిజం చెప్పండి. ఈయనకు ఇంతకు ముందు ఊపిరి జబ్బు ఉందా?"

"ఉంది. ఫారంలో లేదని రాసింది నేను."

ఆ పిల్లవాడు నన్నొక మాట అనలేదు. అంటే బాగుండేది. జీపు పిలిపించాడు. "కిందికి. ఇప్పుడే. మందు కన్నా దిగడమే ముఖ్యం" అన్నాడు. తెల్లవారక ముందే బయలుదేరాం. దక్షిణాన సుమారు 3,900 మీటర్ల ఎత్తులో పురాంగ్ అనే ఊరుంది. మనవాళ్లు తక్లాకోట్ అంటారు. ఆ దారి రాక్షసతాల్ ఒడ్డు వెంట పోతుంది. బావ తల నా భుజం మీద ఉంది. తెల్లవారుతుంటే ఆ నీళ్లు చూశాను. అదీ నీలమే. కాని ఉప్పదనం ఉన్న నీరు. యాత్రికులు తాగరు. మానస సరోవరానికి పోవడానికి దారి ఉంది కాబట్టి నీరు తీపిగా ఉంది. రాక్షసతాల్ నుంచి బయటికి పారే దారి ఇప్పుడు కనిపించదు. ఎండకు నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. మత్తడి లేని చెరువు గతి అదే. ఆ సంగతి పాఠంగా నాకు తెలిసిందే. ఆ తెల్లవారుజామున మాత్రం అది నా గురించే అనిపించింది.

పురాంగ్ ఆసుపత్రిలో ఫోటో తీశారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఎత్తు ప్రదేశాల్లో ఇది ఉబ్బసం లేని యువకులకు కూడా వస్తుందట. మరి ఉబ్బసం దాచడం వల్ల వచ్చిన నష్టమేమిటి? ఇది బాగా గమనించండి. ఆయాసం రాగానే మేము ఉబ్బసమే అనుకున్నాం. ఆ గొట్టంతో తగ్గుతుందని రాత్రంతా కూర్చున్నాం. గైడుకు ముందే తెలిసి ఉంటే మొదటి రోజు దగ్గు మొదలైనప్పుడే చూసేవాడు. ఇంకో నాలుగు గంటలు ఆలస్యమైతే ఏమయ్యేదో ఆ డాక్టరు చేతి సైగతో చెప్పాడు. భాష అక్కర్లేకపోయింది.

గ్రూపు వీసా మీద పోయినవాళ్లు వేరుగా తిరిగి రావడానికి ప్రత్యేకం కాగితాలు కావాలి. రెండు రోజులు అందుకే పట్టింది. తర్వాత హిల్సా సరిహద్దు దాటి, హెలికాప్టరులో సిమికోట్, అక్కడి నుంచి చిన్న విమానంలో నేపాల్‌గంజ్. దుబాయిలో ఉన్న మా మేనల్లుడు డబ్బు పంపాడు. నేపాల్‌గంజ్ మన ఊరి లాగే నేల మీద ఉన్న ఊరు. విమానం దిగి, ఆ ఉక్కలో, ఆ ఎండలో, బావ నిండా ఊపిరి పీల్చి, "ఇగ సాలు. ఇదే నా కైలాసం" అన్నారు. లక్నో మీదుగా రైల్లో ఇంటికి వచ్చాం.

బస్టాండులో బంధువులు దండలతో ఉన్నారు. "పరిక్రమ మంచిగ జరిగిందా?" అంటే బావ "అంతా దేవుని దయ" అన్నారు. నేను సంచులు దించుతూ ఉండిపోయాను. మా అక్కకు మాత్రం ఆ రాత్రే చెప్పాను. ఆమె తిట్టలేదు. "తోలుకరమ్మన్న, తోలుకొచ్చినవ్" అన్నది. తర్వాత వారం సన్మానం, శాలువాలు, ఇంటింటికీ తీర్థం. ఆ తీర్థం మాత్రం నిజమైనదే. చియు గోంపా దగ్గర మొదటి రోజు నింపిన సీసా.

మిత్రులారా, ఒక సన్మానం పొరపాటున పుచ్చుకుంటే ఎవరికీ నష్టం లేదనుకున్నాను. ఆరేళ్ల తర్వాత దాన్ని చూసి ఒకాయన స్టెంటు వేయించుకున్న గుండెతో బయలుదేరబోయారు. అందుకే ఈ మాటలు.

వద్దని నేననడం లేదు. చూడదగిన చోటే. కాని పోయేవారు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, మీ డాక్టరుకు అన్నీ చెప్పండి. ఉబ్బసమున్నా, షుగరున్నా ఆయన తగిన సలహా ఇస్తారు. డయామాక్స్ వంటి బిళ్లలు పక్కవాడు వేసుకున్నాడని వేసుకోకండి. రెండు, ప్రభుత్వ యాత్రకు 18 నుంచి 70 ఏళ్ల వరకే అని, ఎత్తుకు తగిన బరువు ఉండాలని నియమాలు పెట్టారు. ఢిల్లీలో వైద్య పరీక్ష చేసి, దారిలో పైకి పోయాక మళ్లీ చేస్తారు. ఆ నియమాలు మనల్ని ఆపడానికి కాదు, ఇంటికి చేర్చడానికి. మూడు, ప్రైవేటుగా పోతే ఏ రాత్రి ఎన్ని మీటర్ల ఎత్తున పడుకుంటామో ముందే రాయించుకోండి. తొందరగా తీసుకుపోయేవారు మంచివారు కారు. నాలుగు, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తే పక్కవారిని లేపండి. పక్కవారు లేపవద్దన్నా లేపండి.

ఇక పోలేనివారు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. మన ములుగు జిల్లాలో లక్నవరం ఉంది. కొండల సందులకు చిన్న చిన్న కట్టలు వేసి కాకతీయులు నిలిపిన నీరు. నర్సంపేట దాటితే పాకాల. గణపతిదేవుని కాలంలో 1213 ప్రాంతంలో కట్టింది. అడవి నడుమ ఈ నాటికీ పొలాలకు నీరిస్తోంది. పొద్దున కోరుట్లలో సద్ది కట్టుకుని బయలుదేరితే కొండల నడుమ మంచినీళ్ల చెరువు చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు. పోయిన నవంబరులో మా అక్కను, బావను తీసుకుని లక్నవరం పోయాను. వేలాడే వంతెన మీద బావ మాకంటే ముందే నడిచి అవతలికి చేరారు. జేబులో మందు గొట్టం ఉంది. దాచుకోలేదు, పైజేబులో అందరికీ కనపడేటట్టే పెట్టుకున్నారు.

స్టెంటు వేయించుకున్న మిత్రులు మొన్న మళ్లీ కలిశారు. డాక్టరును అడిగారట. ఈ ఏడు వద్దన్నారట. కోపంగానే ఉన్నారు. ఈ ప్రసంగం విన్నాక నా మీద ఇంకా కోపం వస్తుందేమో. రానివ్వండి. వచ్చే డిసెంబరు 17న కూడా ఆయన ఈ హాలులో మన మధ్య కూర్చుని నన్ను కోప్పడాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.